మా మామ ఏరిన ఇండియా టీము

నాకి క్రికెట్టు తెలియదు. అది ముందే చెప్పేస్తే మంచిది. బంతి గోడకు తగిలితే నాలుగు, గోడ దాటితే ఆరు, అంతవరకు తెలుసు. అయినా ఒకసారి ఇండియా టీము ఏరే పనిలో నేను చెయ్యి పెట్టినాను. పెట్టినందుకు మా ఊరు ఊరే బస్ స్టాపులో నిలబడాల్సి వచ్చింది. అది రాయల్ల అని శానా దినాలుగా అనుకుంటా ఉన్నాను, బయంగా ఉండి రాయలేదు. నేను సదివింది అయిదో క్లాసు, అదీ తమిళంలో. తెలుగు అక్షరాలు మా అవ్వ ఇంట్లో నేర్పించింది. తప్పులుంటే మీరే సరిచేసుకొని సదవండి.

మాది తమిళ సీమలో, దర్మపురి దిక్కు, వెల్లిచందై పక్కన ఒక ఊరు. మా మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఆయన కూతురినే నేను చేసుకున్నాను, కాబట్టి రెండు పక్కలా మామే, ఉండేది గూడా ఒకే ఇంట్లో. ముప్పై ఏండ్లు ఆ చుట్టూ ఊర్లల్లో మా మామ లేకుండా ఎవరూ ఎద్దు కొనింది లేదు. మంగళారం సంతకు ఎవరు పోయినా ముందు మా ఇంటి ముందర నిలబడి "మామా, రా" అని పిలిస్తే, ఈయన చొక్కా ఏసుకొని, బుజం మీద తువ్వాలు ఏసుకొని పోతాడు. సంతలో ఎద్దును ముట్టుకోడు. దూరంగా నిలబడి నడిపించమంటాడు. ముందు నడక, తరువాత పండ్లు, తరువాత సుడులు. ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటును సుడి అంటారు. అది యాడుంటే ఇల్లు బాగుపడుతుంది, యాడుంటే ఇల్లు మునుగుతుంది అని ఆయనకు నోటికి వచ్చు.

అట్లాటి ఆయన ఒకసారి తప్పినాడు. వరుసకు నాకి అన్న అయ్యేటాయన ఒకడు ఉండాడు, మా ఎదురిల్లే. ఆయనకు మామ ఒక తెల్ల ఎద్దును ఏరి ఇచ్చినాడు. నడక రాజు మాదిరి ఉన్నింది. పండ్లు బాగుండాయి, సుడులు బాగుండాయి. ఇంటికి తెచ్చి మెడ మీద కాడి పెట్టేసరికి పండుకునింది. కొట్టినారు, తోక మెలిపెట్టినారు, నెత్తిన నీళ్లు పోసినారు. లేయలేదు. కాడి తీసేస్తే లేచి, దుమ్ము దులుపుకొని, దానంతట అదే ఇంటికి నడిచి పోయింది. మరుసటి దినమూ అంతే. మూడో దినం అన్న టీ కడలో, అంటే టీ అంగట్లో, పదిమంది ముందర అన్నాడు, "మామా, నువ్వు ఏరిచ్చింది ఎద్దు గాదు, పరుపు."

అంతే. ఆ తరువాత మా ఇంటి ముందర ఎవరూ పిలవలేదు. సంతకు పోయేవాండ్లు మా వీదిలో రాకుండా చేను గట్టు మీద చుట్టుకొని పోయినారు. మామ మాత్రం ప్రతి మంగళారం పొద్దున్నే నీళ్లు పోసుకొని, చొక్కా ఏసుకొని, తిన్నె మీద కూచుంటాడు. తొమ్మిది గంటల దాకా చూసి, చొక్కా విప్పి కొక్కికి తగిలిస్తాడు. మా ఇంట్లో ఎవరమూ దాన్ని గురించి మాట్లాడేది లేదు.

ఇట్లుండంగా ఒక దినం టీ కడకు వచ్చిన పేపర్లో ఒక పెద్ద కాగితం వచ్చింది. ఇండియా టీము వెళినాడు, అంటే వేరే దేశం, పోయి టెస్టులు ఆడల్ల. దానికి ఎవరెవరిని పంపిస్తారు అనేది పోటీ. ముప్పై మంది ఫోటోలు ఏసినారు, చిన్న చిన్నవి, రేషన్ కార్డు ఫోటోల మాదిరి. కింద నంబర్లు. ఆ ముప్పైలో పదునైదు మందిని ఏరి, నంబర్లు రాసి పంపించల్ల. పదునైదూ సరిగ్గా రాసినవాని ఫోటో, పేరు, ఊరు పేపర్లో ఏస్తారంట.

టీ కడాయన గట్టిగా సదివినాడు. మామ బెంచి మీద కూచొని వింటా ఉన్నాడు.

"మనల్ని అడుగుతా ఉండారా?" అన్నాడు.

"అందర్నీ అడుగుతా ఉండారు పెద్దాయనా."

"వాండ్లకి ఏరేది తెలియకనే కద అడుగుతా ఉండారు."

నేను మెల్లగా చెప్పినాను, "అట్ల గాదు మామా. ఏరేదానికి పెద్దోళ్లు వేరేగా ఉండారు. ఇది ఊరికే, మనం ఏం చెప్తామో చూద్దామని."

"ఊరికే ఎవరన్నా ఇంత కాగితం ఖర్చు పెడ్తారా అల్లుడా?" అన్నాడు.

అన్న ఆ మూల కూచొని బన్ను తింటా ఉన్నాడు. "ఏరు మామా, ఏరు" అన్నాడు నోట్లో బన్నుతోనే. "నువ్వు ఏరితే టీమంతా పోయి ఆడ గ్రౌండులో పండుకుంటుంది."

అందరూ నవ్వినారు. మామ గ్లాసు కింద పెట్టినాడు.

"పదునైదూ సరిగ్గా వస్తే?"

"వస్తే ఆ పరుపును అమ్మేసి, కొత్త ఎద్దుకు నిన్నే పిల్చుకొని పోతాను. ఊరంతా చూస్తా ఉండంగా నీ ఇంటి ముందర నిలబడి పిలుస్తాను. ఒక్కటి తప్పినా, ఇంక మంగళారం నువ్వు చొక్కా ఏసుకోగూడదు."

కడలో నవ్వు ఆగిపోయింది. చొక్కా సంగతి అందరికీ తెలుసు అని మాకు అప్పుడే తెలిసింది. మామ "సరే" అన్నాడు.

ఇంటికి పోయి చెప్తే నా పెండ్లాం తల కొట్టుకునింది. "ఏమి బావా, ఊర్లో ఇంతమంది మగోళ్లు ఉండి, ఇండియా టీమును మా నాయనకు తగిలించి వచ్చినారా?"

కాగితం పంపేదానికి పది దినాలు టైం ఉన్నింది. పది దినాలూ మామ టీ కడ బెంచి మీదనే. టీవీలో ఏ ఆట వస్తే అది చూసినాడు, పాత ఆటలు గూడా. టీ కడాయనకు క్రికెట్టు అంటే పిచ్చి. ఎవరు అగుపడినా "ఈయన తొమ్మిది, ఈయన పదునారు" అని నంబరు చెప్తా ఉన్నాడు. పేర్లు మామకు వద్దు. సంతలో ఎద్దుకు పేరు అడుగుతామా అన్నాడు.

మొదట అడిగింది, "పని ఏమి?"

"టెస్టు పెద్దాయనా."

"ఎన్ని దినాలు?"

"అయిదు దినాలు."

"పొద్దున నుంచి సాయంత్రం దాకానా?"

"ఆ. నడమ అన్నానికి విడుస్తారు. టీకి విడుస్తారు."

మామ తల ఊపినాడు. "అట్లయితే ఇది మడక దున్నే పని. పరుగు ఎద్దులు వద్దు." వచ్చిందే తడవుగా ఎగరేసి కొట్టేవాండ్లు అయిదుగురు ఉన్నారంట, ఆ అయిదు ఫోటోల మీద బొటనవేలు పెట్టి తోసేసినాడు.

తరువాత పండ్లు. ఫోటోలను కంటికి ఆనించి చూసినాడు. "ఈ పన్నెండో వాడు నోరు మూసుకొని ఉండాడు."

"ఫోటోకు అట్ల నిలబడినాడు పెద్దాయనా."

"సంతలో నోరు తెరవనియ్యని ఎద్దును నువ్వు కొంటావా? వయసు దాచిపెడ్తా ఉండాడు." పన్నెండు పోయినాడు.

మొదట ఆటకు ఇద్దరు దిగుతారు అని చెప్తే, "జతగానా?" అని అడిగినాడు. జతగానే అన్నాము. "అట్లయితే ఒకడు ఎడమకు అలవాటు పడినోడు ఉండల్ల, ఒకడు కుడికి అలవాటు పడినోడు. రెండూ ఒకే పక్కవి కడితే సాలు వంకర పోతుంది." టీ కడాయన నా చెవిలో చెప్పినాడు, "రే, ఇదే మాట నిన్న టీవీలో కోటు ఏసుకున్నాయన చెప్పినాడురా." ఆ దినం మామకు టీలో రొంత పాలు ఎక్కువ పడినాయి.

పొడుగ్గా ఉండే బౌలరు ఒకాయన ఉన్నాడు, శానా దూరం నుంచి పరుగెత్తుకొని వచ్చి ఏస్తాడు. మామకు ఆయన నచ్చలేదు. "డొక్కలు లోపలికి పోయిండాయి. తిండి పట్టని ఒళ్లు. వెళినాట్లో నీళ్లు మారితే మేత ముట్టడు."

అన్నిటికంటే కష్టమయింది వికెట్ కీపరు. స్టంపుల వెనక ఆయప్ప కూచోవడం చూసి మామ మొకం మారిపోయింది.

"వీడు కూచుంటా ఉండాడే."

"ఆయన పనే అది మామా" అన్నాను నేను.

"కూచునేవాడు నాకి వద్దు."

"కీపరు లేకుండా టీము లేదు పెద్దాయనా. ఉండే ముగ్గురు కీపర్లూ కూచునేవాండ్లే."

"ఒక పండుకునేదాన్ని ఏరి నా మర్యాద పోయింది చాలదా? ఇప్పుడు దేశానికి గూడా అదే చెయ్యమంటారా?"

ఒక దినమంతా ఒప్పుకోలేదు. అన్నం సరిగ్గా తినలేదు. మరుసటి దినం పొద్దున వచ్చి బెంచి మీద కూచొని, ముగ్గురిలో ఒకాయన ఆట శానాసేపు చూసినాడు. కూచున్నప్పుడంతా వేళ్లు మడిచి లెక్క పెట్టినాడు. లేచినప్పుడంతా ఇంకో చేత్తో లెక్క పెట్టినాడు. సాయంత్రానికి "ఎన్నిసార్లు కూచున్నాడో అన్నిసార్లు లేచినాడు. వీడు సరే" అన్నాడు. మేమందరమూ ఊపిరి విడిచినాము.

ఇంక నాలుగో నంబరు. ఈ నాలుగో నంబరాయన అంటే మా ఊర్లో సామి మాదిరి. టీ కడలో మురుగన్ పటానికి, లక్ష్మి పటానికి నడమ ఆయన ఫోటో ఉన్నింది. శుక్రవారం మూడింటికీ ఒకే మూర మల్లెపూలు తుంచి పెడ్తారు. ఆ దినం టీవీలో ఆయన కొట్టి, పరుగెత్తి, తిరిగి నడుచుకొని వచ్చినాడు. మామ ముందరికి వంగినాడు.

"వీనికి వెనక ఎడమ కాలు బాగలేదు."

టీ కడాయన గరిట పట్టుకొని అట్లే నిలబడినాడు. "పెద్దాయనా, మనిషికి వెనక కాలు యాడుండాది?"

"ముందరివి చేతులు అయినప్పుడు, ఉండే రెండూ వెనకవే కద. ఆ ఎడమది మోపేటప్పుడు మడమ ఎత్తి పెడ్తా ఉండాడు. అయిదు దినాల పనికి వీడు పనికిరాడు. తీసెయ్."

కడలో అందరూ ఒకేసారి మాట్లాడినారు. మామకు పిచ్చి పట్టింది అన్నారు. కండ్లు పోయినాయి అన్నారు. టీ కడాయన గ్లాసు తీసి లోపల పెట్టేసినాడు. "నాలుగో నంబర్ని తీసినోనికి ఈ కడలో టీ లేదు."

"వద్దు" అన్నాడు మామ. "నాకి టీ లేకపోతే ఏమీ గాదు. వానికి కాలు లేకపోతే అవుతుంది."

ఆయన చోటుకు మామ ఇరవై ఏడో నంబర్ని తీసుకున్నాడు. అది ఎవరో సన్న పిల్లోడు. టీవీలో ఒకేసారి అగుపడినాడు, రెండు నిమిషాలు. గట్టు దగ్గర నిలబడి బంతిని ఎత్తి ఏసినాడు, అంతే. ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు. మామ మాత్రం "నడక ఉండాది" అన్నాడు.

ఎగతాళి చేసేదానికే టీ కడాయన చాక్‌పీసు తీసుకొని మామ ఏరిన పదునైదు నంబర్లనూ కడ తలుపు మీద పెద్దగా రాసి పెట్టినాడు. వచ్చేపోయేవాండ్లందరూ సదివి, నాలుగు లేదే అని చూసి, నవ్వి పోయినారు. అన్న రోజుకు రెండుసార్లు వచ్చి ఆ తలుపు ముందర నిలబడి పోతాడు, గుడికి పోయినట్ల.

కాగితం నింపే పని నాది. మామకు రాయను రాదు. తిన్నె మీద కూచొని, కండ్లు మూసుకొని, ఒకటొకటిగా నంబరు చెప్తా ఉన్నాడు. నేను గడుల్లో రాస్తా ఉన్నాను. నా పెండ్లాం పక్కన చింతపండు గింజలు తీస్తా ఉన్నింది. పదునాలుగు నిండినాయి. కడాన "ఇరవై ఏడు" అన్నాడు.

నా చెయ్యి ఆగింది. సత్యంగా చెప్తాను, చెడు చేద్దామని గాదు. దేశమంతా నాలుగు అంటా ఉండాది. నాలుగు లేకుండా టీము యాడికన్నా పోతుందా? ఈ ఒక్క గడి తప్పయితే మామ ఇంక బతికినంత కాలం మంగళారం ఒట్టి ఒంటితో కూచోవల్ల. ఆయన ఎద్దులు చూసినాడు, మనుషులను చూసినాడా? నాకేమో క్రికెట్టు తెలియదు, అయినా నాకి తెలిసిందే సరి అనిపించింది. గడిలో నాలుగు రాసేసినాను.

"రాసినావా?" అన్నాడు మామ కండ్లు మూసుకొనే.

"రాసినాను మామా."

నా పెండ్లాం చింతపండు పక్కన పెట్టి కాగితం దిక్కు చూసింది. ఆయమ్మ నాకంటే రెండు క్లాసులు ఎక్కువ సదివింది. "బావా" అనింది. నేను కాగితం మడిచి, అంటించి, పాలక్కోడు పోయినప్పుడు పోస్టు డబ్బాలో ఏసేసినాను.

టీము చెప్పే దినం మధ్యాహ్నం టీ కడలో ఇసుక ఏస్తే రాలదు. టీవీలో ఒక్కొక్క పేరు వస్తా ఉంటే టీ కడాయన తలుపు మీద నంబరు పక్కన టిక్కు ఏస్తా ఉన్నాడు. ఎడమ చేతి ఆయన వచ్చినాడు. కుడి చేతి ఆయన వచ్చినాడు. కూచొని లేచే ఆయన వచ్చినాడు. పది టిక్కులు పడినప్పుడు కడలో మాటలు తగ్గినాయి. పదమూడు పడినప్పుడు అన్న బెంచి మీద నుంచి లేచినాడు. పదునాలుగు. కడాన టీవీలో ఆ సన్న పిల్లోని పేరు చెప్పినారు. ఆ తరువాత ఇంకో మాట చెప్పినారు. నాలుగో నంబరాయనకు ఎడమ మడమలో వాపు అంట, డాక్టర్లు రెస్టు తీసుకోమన్నారంట, పోవడం లేదంట.

టీ కడాయన చాక్‌పీసు కింద పడేసినాడు. లోపలికి పోయి, మంచి గ్లాసు కడిగి, టీ పోసి, రెండు చేతులతో తెచ్చి మామ ముందర పెట్టినాడు. చక్కెర ఎంత ఏసినాడో, చెంచా నిలబడుతుంది.

"మామా" అన్నాడు అన్న. "ఎట్ల తెలిసింది?"

"నడక" అన్నాడు మామ.

అందరూ మామ చుట్టూ చేరినారు. నేను మాత్రం గోడకు ఆనుకొని నిలబడినాను. అన్న "పేపర్లో ఫోటో రానీ మామా, ఆ పేపరు చేతిలో పట్టుకొనే నీ ఇంటి ముందరికి వస్తాను" అన్నాడు. మామ తల దువ్వుకున్నాడు, ఫోటో అప్పుడే తీస్తారేమో అన్నట్ల.

వారం దినాలకు పోటీ సంగతి పేపర్లో వచ్చింది. పదునైదూ సరిగ్గా రాసినవాండ్లు ఒక్కరు గూడా లేరు, అని ఏసినారు.

ఊరు రేగిపోయింది. తలుపు మీద పదునైదు టిక్కులు ఉండాయి, ఒక్కరూ లేరంటే ఎట్ల? "పెద్ద ఊర్లల్లో కూచున్నోళ్లకి వెల్లిచందై అగుపడుతుందా?" అన్నాడు ఒకాయన. "మనోళ్లకి ఇచ్చేది ఇష్టం లేదు" అన్నాడు ఇంకొకాయన. దర్మపురిలో ఆ పేపరు ఏజెంటు ఉండాడు, ఆయన్ని పోయి నాలుగు మాటలు అడగల్ల అని అందరూ తీర్మానించినారు. సాక్షి ఏమి? తలుపే సాక్షి. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు టీ కడ తలుపును కీలుల నుంచి ఊడదీసి, నలుగురు మోసుకొని బస్ స్టాపుకు వచ్చినారు. వెనక ఇరవై మంది. ఫోటో తీస్తే ఉండనీ అని మామకు ఒక సంపంగి మాల. ఎందుకో తెలియదు, ఒక పలక డప్పు గూడా తెచ్చినారు.

ఇంట్లో బయలుదేరేటప్పుడే నా పెండ్లాం అడ్డం నిలబడింది. "పాపం ఆ ఏజెంటు ఎవరో ఏమో, వానిని పోయి తిడ్తారు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"బస్ స్టాపులో చెప్తాను."

"బస్సు ఎక్కక ముందర చెప్పు బావా. ఎక్కినాక చెప్తే కొడ్తారు."

బస్ స్టాపులో తలుపును చెట్టుకు ఆనించి నిలబెట్టినారు. నేను మామను ఆ తలుపు వెనకకు పిల్చుకొని పోయి, నేల చూస్తా చెప్పినాను. కడాన గడిలో నేను ఇరవై ఏడు రాయలేదు మామా, నాలుగు రాసినాను అని.

మామ నన్ను కొట్టలేదు. తిట్టను గూడా లేదు.

"అట్లయితే ఆ సన్న పిల్లోడు టీములోకి ఎట్ల పోయినాడు?"

"ఆడ ఏరేవాండ్లే ఏరినారు మామా. మన కాగితం చూసి గాదు."

"వాండ్లే ఏరినారా?"

"ఊ."

మామ మొకంలో ఒక రకం సంతోసం వచ్చింది. "అంటే ఆడ గూడా నడక చూసేవాడు ఒకడు ఉండాడు" అన్నాడు. తరువాత తలుపు పక్క నుంచి తొంగి, ఆ ఇరవై మందిని, పలకను, మాలను చూసినాడు. సంతోసం పోయింది. నన్ను ఆడనే వదిలి ముందరికి పోయినాడు.

"పేపరోని మీద తప్పు లేదు" అన్నాడు గట్టిగా. "కడాన నేనే మార్చి రాపించినాను. నాలుగు ఏయమని నేనే చెప్పినాను. బయపడినాను."

పలక కొట్టేవాడు చెయ్యి ఆపినాడు. అన్న ముందరికి వచ్చినాడు.

"నువ్వు బయపడినావా మామా?"

"ఊ."

"అట్లయితే కాగితంలో ఒకటి తప్పు."

"తప్పే."

"పందెం పందెమే కద మామా." ఆ మాట అన్నకే ఇష్టం లేదు, మొకం చూస్తే తెలుస్తా ఉన్నింది.

"పందెమే" అన్నాడు మామ. ఆ మాటతోనే చొక్కా పై గుండీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆదివారం ఏసుకున్న చొక్కాను గూడా విప్పేస్తాడేమో అనిపించింది నాకి. నా నోరు దానంతట అదే తెరుచుకునింది.

"అన్నా, అబద్దం. మామకు తెలియదు. నేనే రాసినాను."

అన్న మామనూ, నన్నూ మార్చి మార్చి చూసినాడు. "మామను కాపాడేదానికి అల్లుడు చెప్తా ఉండాడా, అల్లుడిని కాపాడేదానికి మామ చెప్తా ఉండాడా? ఏదిరా నిజం?"

"నేను చెప్పిందే" అన్నాడు మామ.

"నేను చెప్పిందే" అన్నాను నేను.

అంతలో బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు తల బయట పెట్టి ఆ తలుపును చూసి, తమిళంలో, "దాన్ని ఎక్కనియ్యను, ముందే చెప్తా ఉండాను" అన్నాడు. ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు. అన్న బుజం మీద తువ్వాలు తీసినాడు.

మా సంతల్లో ఎద్దు బేరం నోటితో చెప్పేది లేదు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని చెప్పుకుంటారు. చుట్టూ ఉండేవాండ్లకు ఏమీ అగుపడదు. నోటితో ఎన్ని అబద్దాలైనా చెప్పొచ్చు, సంతంటే అంతే. తువ్వాలు కింద ఏలు పట్టిస్తే మాత్రం అబద్దం లేదు, మార్చేది లేదు. మార్చినోడు ఇంక ఏ సంతలోనూ అడుగు పెట్టకూడదు.

అన్న మామ చేతి మీద తువ్వాలు కప్పినాడు. "నువ్వు చెప్పి రాపించింటే ఒక ఏలు పట్టు మామా. వాడే రాసింటే రెండు."

మామ కదలలేదు. డ్రైవరు హారన్ కొట్టినాడు. బస్సులో వాండ్లందరూ కిటికీల పక్కకు వచ్చి చూస్తా ఉండారు, ఎద్దు యాడ అని ఒకాయన అడగను గూడా అడిగినాడు. నా దిక్కు ఒకసారి చూసినాడు. తరువాత తువ్వాలు రొంత కదిలింది.

ఎన్ని వేళ్లు పట్టినాడో నేను చూడలేదు. ఇప్పటిదాకా ఆ ఇద్దరూ చెప్పలేదు. అన్న తువ్వాలు తీసి, దులిపి, బుజం మీద ఏసుకున్నాడు.

"మంగళారం ఆరు గంటలకు మీ ఇంటి ముందరికి వస్తాను మామా" అన్నాడు. "చొక్కా ఏసుకొని ఉండు."

కండక్టరు విజిలు ఊది పోయినాడు. వచ్చినోళ్లు తెచ్చిన మాల ఏం చెయ్యల్లో తెలియక దాన్ని మామ మెడలో ఏసినారు. పలక కొట్టుకుంటా, తలుపు మోసుకుంటా అందరమూ వెనకకు తిరిగినాము. తలుపు తిరిగి కీలులకు సరిగ్గా కూచోలేదు. ఆ తరువాత అది మూయల్లంటే పైకి ఎత్తి మూయల్ల.

మంగళారం నన్ను గూడా తీసుకొని పోయినారు, పలుపు తాడు మోసేదానికి. ఆదివారం నుంచి మామ నాతో ఒక మాట మాట్లాడలేదు. సంతలో గంటసేపు తిరిగినాము. పాపిరెడ్డిపట్టి నుంచి ఒకాయన ఎర్ర ఎద్దును తోలుకొని వచ్చింటే, దాని దగ్గర మామ నిలబడి, నడిపించమన్నాడు. నడిపించినాడు. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి నడిపించినాడు. అప్పుడు మామ నా దిక్కు తిరిగినాడు.

"అల్లుడా, నువ్వు చెప్పు. ఏ కాలు?"

నేను చూసినాను. నాలుగు కాళ్లూ పోతా ఉండాయి, వస్తా ఉండాయి, అన్నీ ఒకటే మాదిరి. మామ అడిగినాడంటే ఏదో ఒకటి ఉండనే ఉంటుంది కద. అన్న చూస్తా ఉండాడు. ఆ పాపిరెడ్డిపట్టి ఆయన చూస్తా ఉండాడు.

"వెనక ఎడమది మామా" అన్నాను.

ఎద్దు ఆయన నా మీదకు వచ్చినాడు, "ఎవడయ్యా వీడు, మంచి ఎద్దుకు వంక పెడ్తా ఉండాడు" అని. మామ ఆయన్ని చేత్తో ఆపి, నా బుజం మీది పలుపు తీసి నా చేతిలోనే పెట్టినాడు.

"దీని కాళ్లల్లో ఏమీ లేదు" అన్నాడు. "కట్టు. ఇదే మనది."

కట్టినాను. సంత నుంచి ఊరు చేరేదాకా నేను దాని వెనకనే నడిచినాను. దారంతా ఆ ఎడమ కాలినే చూస్తా వచ్చినాను. నిజంగానే ఏమీ లేదు.